దానిమ్మ నలుపు

అమీర్‌పేటలో తనను ఎరగనివాళ్ళు లేరని జోగారావు నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా ఉత్తిదీ కాదు. మైత్రీవనం చుట్టుపక్కల జ్యూస్ సెంటర్ల వాళ్ళందరికీ ఆయన ముఖం తెలుసు. పిక్కల పైకి కట్టిన పంచె, భుజాన కండువా, ఎండ లేకపోయినా చంకలో గొడుగు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ బ్యానర్లు ఒకదాని మీద ఒకటి వేలాడే ఆ సందుల్లో, వీపున సంచులు తగిలించుకున్న పిల్లలు గ్లాసులకు గ్లాసులు ఎర్రటి రసం తాగిపోతుంటే, ఆయన చూపు మాత్రం బల్ల కింద చెత్తడబ్బా మీద ఉండేది. అందులోంచి దానిమ్మ తొక్క ఒకటి పైకి తీసి, గోటితో గీరి, నాలిక మీద పెట్టుకుని, "రసం వాళ్ళు తాగుతున్నారు, బలం నువ్వు పారేస్తున్నావు" అని దుకాణంవాడికి చెప్పేవాడు.

చెప్పి ఊరుకునేవాడు కాదు. దుకాణంవాడు మిక్సీ తిప్పుతున్నా సరే, తన సంగతి మొదలుపెట్టేవాడు.

"నేను చదివింది ఐదో తరగతి. మా వూరి బడికి తలుపుల్లేవు. అయితేనేం, ఇరవయ్యో ఎక్కం కింద నుంచి పైకి చెబుతాను, వింటావా? మా తాలూకాలో బెల్లం వంటంటే జోగారావే. కలెక్టరుగారు జీపు ఆపి, మా గానుగ దగ్గర నిలబడి, అరిటాకులో వేడి పాకం వేయించుకుని వేలితో నాకారు. సంతలో నా దిమ్మ చూశాక పక్కవాడి దిమ్మ కొన్నవాడు లేడు. పూడిపోయిన పంచాయతీ బావిని తవ్వించింది నేను. తుపానులో గానుగెద్దుల్ని ఈదించుకుంటూ గట్టెక్కించింది నేను."

ఇవన్నీ నిజాలే. ఆయన వూళ్ళో ఎవరిని అడిగినా ఒప్పుకుంటారు. అబద్ధం చెప్పి గొప్పవాడయ్యే అవసరం జోగారావుకి జన్మలో రాలేదు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. తర్వాత జరిగింది విని ఆయన్ని మోసగాడనుకునేవాళ్ళుంటారు. మోసగాడు కాదు. పేరున్నవాడు. ఆ పేరును చంటిపిల్లాడిలా చంకలో పెట్టుకు తిరిగేవాడు, ఎవరి ఊపిరీ దానికి తగలనిచ్చేవాడు కాదు.

ఆయన్ని హైదరాబాదుకి రప్పించింది రవికాంత్. పక్క వూరివాడు, వరసకి కొడుకవుతాడు. రవికాంత్ మొదట అమీర్‌పేటలో కోబాల్ నేర్పే సెంటర్ పెట్టాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వైటూకే హడావుడి ఉన్నన్నాళ్ళు జనం మెట్ల మీద కూడా కూర్చుని నేర్చుకున్నారు. హడావుడి తీరాక బల్లలూ ఫ్యాన్లూ మిగిలాయి. మళ్ళీ కంప్యూటర్ కోర్సులు ఊపందుకునే వేళకి ఆ గిరాకీ పక్కవాళ్ళు పట్టుకుపోయారు. అప్పుడు ప్రయోగశాలలో పనిచేసే స్నేహితుడొకడు అతని చెవిన వేసిన మాట ఇది: దానిమ్మలో ఒంటికి మేలు చేసే పదార్థం గింజల కన్నా తొక్కలోనే ఎక్కువ. నోట్లో పెట్టుకుంటే నాలిక పీక్కుపోయే ఆ వగరే దాని గుణం. దాన్ని నీళ్ళలోకి దింపి, పొడి చేసి ఇస్తే, కడుపు జబ్బుల మాత్రలకీ పళ్ళపొడికీ మందుల కంపెనీలు తీసుకుంటాయి.

అమీర్‌పేటంతా పారేస్తున్నది అదే కదా! రవికాంత్ యూసుఫ్‌గూడలో ఒక రేకుల షెడ్డు తీసుకున్నాడు. కోబాల్ నేర్పిన బల్లల మీద తొక్కలు ఆరబోశాడు, క్లాసులో తిరిగిన ఫ్యాన్లే వాటి మీద తిప్పాడు. తొక్కలు ఏరాలి, కడగాలి, నీడన ఆరబెట్టాలి, దంచాలి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి గుడ్డలో వడకట్టాలి. ఆ నీటిని సన్నటి సెగ మీద తేనెరంగు వచ్చేదాకా చిక్కబరచాలి. సెగ ఎక్కువైతే గుణం పోతుంది, తక్కువైతే పులిసిపోతుంది. సెగ తెలిసిన మనిషి కావాలి. మా కోస్తా వైపు సెగ తెలిసిన మనిషంటే ఇంకెవరు? చెరకంతా ఫ్యాక్టరీకి తోలుకుపోవడం మొదలై గానుగలు మూతబడ్డ రోజులవి. జోగారావు తన బెల్లం పెనాన్ని లారీలో వేయించుకుని మరీ వచ్చాడు. మంచమంత వెడల్పు ఇనప పెనం. షెడ్డులో దానికి పని లేదు, అక్కడ కాచేదంతా స్టీలు గిన్నెలోనే. అయినా గోడకి ఆనించి, రోజూ నూనెగుడ్డతో తుడిచేవాడు.

షెడ్డులో ఇంకో ఇద్దరు ఉండేవారు. మొగిలయ్యకి ట్రాలీ ఆటో ఉంది, జ్యూస్ సెంటర్లన్నీ తిరిగి తొక్కలు తెచ్చిపోసేవాడు. లతీఫా ఏరేది. ఆవిడ భర్త గులాం మొహియుద్దీన్‌కి చూపు మందగించి కుట్టుమిషను మూతపడ్డాక, ఆ ఇల్లు ఆవిడ చేతుల మీదే నడుస్తోంది. దానిమ్మ కుళ్ళు పైకి కనబడదు, కాయ కొసన కిరీటంలా ఉండే మొగ్గ దగ్గర లోపల దాక్కుంటుంది. లతీఫా ప్రతి తొక్కనీ మొగ్గ విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మంచిదైతే ఇటు, చెడ్డదైతే అటు వేసేది.

ఆవిడంటే జోగారావుకి ఎందుకో పడదు. ఎందుకో ఏముంది, ఆవిడ ఆయన గొప్పలు వినేటప్పుడు తల ఊపేది కాదు.

"ఏవే, కలెక్టరుగారి సంగతి చెబుతుంటే ముక్కు మూసుకుంటావేంటే?"

"ముక్కు మూసుకోలే పెద్దాయనా, తొక్క వాసన చూస్తున్న. మీరు చెప్పున్రి. గీ కలెక్టర్ సాబ్ మొన్న సుత నాకిండు కదా, ఇవాళ మళ్ళ నాకిండా?"

మొగిలయ్య పగలబడి నవ్వేవాడు. జోగారావు ఆ నవ్వుని మనసులో దాచుకున్నాడు. మర్చిపోలేదు.

రంజాన్ నెల వచ్చింది. లతీఫా పగలంతా నీళ్ళు కూడా ముట్టకుండా రోజా ఉంటూనే పనికి వచ్చేది. జోగారావు తన కారేజీని మధ్యాహ్నం పూట ఆవిడ ఎదురుగా తెచ్చుకుని, మూతలు ఒక్కొక్కటీ తీసి, "ఇవాళ గుత్తివంకాయ, చూశావా?" అని పేరు పేరునా చెప్పి తినేవాడు. ఆవిడ చూసేది కాదు, తొక్కలు ఏరుకునేది. ఇది సరదా అని ఆయన అనుకునేవాడు. షెడ్డులో ఇంకెవరూ అనుకోలేదు.

ఆ నెలలోనే పంజాగుట్టలోని ఒక ఆయుర్వేద మందుల కంపెనీ కబురు పెట్టింది. సరుకు నచ్చితే ఏడాది పొడుగునా తీసుకుంటారు. వాళ్ళ తనిఖీ అధికారి రాగసుధ స్వయంగా వచ్చి, అప్పుడే కాచిన దాంట్లోంచి మచ్చు తీసుకుంటుంది. అది నప్పితే షెడ్డు నిలబడుతుంది, లేకపోతే తాళం పడుతుంది. ఆ సంగతి నలుగురికీ తెలుసు.

రాగసుధ రావలసిన రోజు పొద్దున స్టీలు గిన్నె అతుకు దగ్గర కారడం మొదలుపెట్టింది. రవికాంత్ జుట్టు పీక్కున్నాడు.

"వంటపాత్రల అద్దె షాపులో పెద్ద స్టీలు డేగిశా అడిగాను బాబాయ్, సాయంత్రానికి గాని రాదంటున్నాడు. ఈలోగా చిన్న గిన్నెలో కొద్దికొద్దిగా కాద్దాం. స్టీలు తప్ప ఇంకేదీ పనికిరాదని ప్రయోగశాలలో ఉన్న మావాడు రాసిచ్చాడు, గుర్తుంది కదా."

"నా పెనం ఉండగా చిన్న గిన్నేంట్రా?"

"వద్దు బాబాయ్. స్టీలే." అనేసి రవికాంత్ రాగసుధని తీసుకురావడానికి స్కూటరెక్కి పంజాగుట్ట వెళ్ళాడు.

స్కూటరు సందు మలుపు తిరిగిందో లేదో, జోగారావు కండువా నడుముకి చుట్టాడు. "ఆ రాసిచ్చినవాడు పుట్టకముందే నేను పాకం కాచాను. మొగిలయ్యా, ఆ పక్క పట్టు." పెనం కిందకి దిగింది. ఇటుకలు పేర్చారు, కట్టెలు రాజుకున్నాయి. వడకట్టిన తొక్కనీళ్ళన్నీ, ఒక్క బిందె మిగల్చకుండా, అందులో పోయించాడు. తెడ్డు చేతిలోకి రాగానే ఆయన ముఖం వయసు తగ్గింది. గానుగ చప్పుడు, ఆకులు మండే వాసన, చుట్టూ చేరి చూసే జనం, అన్నీ తిరిగొచ్చినట్టయింది. తెట్టు తీస్తూ, సెగ తగ్గిస్తూ, హుషారుగా కూనిరాగం కూడా తీశాడు.

తేనెరంగు రావలసిన నీళ్ళు మొదట బూడిదరంగుకి తిరిగాయి. తర్వాత నీలం జీర పడింది. తర్వాత కాటుక.

మొగిలయ్య తొంగిచూశాడు. "పెద్దాయనా, గిదేంది? సిరా కాస్తున్నవా?"

జోగారావు తెడ్డు పైకెత్తాడు. నల్లటి ధార జారింది. వేలు ముంచి చూశాడు, వేలు నల్లబడింది. కండువాకి తుడిస్తే కండువా నల్లబడింది, వేలు అలాగే ఉంది. ఆయన చేతిలో ఏ పాకమూ ఎప్పుడూ చెడలేదు. కాబట్టి చెడింది చేతిలో కాదు, ఇంకెక్కడో. ఆలోచన అంతవరకే వెళ్ళింది. తలెత్తి చూస్తే బల్ల దగ్గర లతీఫా ఉంది.

"కుళ్ళిన తొక్కలు కలిపావు కదే!"

లతీఫా చేతిలో తొక్క కింద పడింది. "నేనా? లేదు పెద్దాయనా. చూడున్రి, చెడ్డయి ఏరి గీ బుట్టల పెట్టిన. గింత నిండింది."

"ఆ బుట్ట మాకు చూపించడానికి. పెనంలోకి వచ్చినవి వేరే."

"అల్లా కసమ్, ఒక్కటి సుత కలపలే."

అప్పుడే రవికాంత్ స్కూటరు ఆగింది. రాగసుధ కంపెనీ కారులో వెనక వస్తోందట, అమీర్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఉందట. రవికాంత్ పెనంలోకి చూశాడు.

"ఏంటి బాబాయ్ ఇది?"

"ఈవిడ్నడుగు. కుళ్ళు తొక్కలు కలిపేసింది. బెల్లంలో పాడు చెరకు ఒక్క గడ పడితే పాకమంతా నల్లబడుతుంది, నాకు తెలీదా?"

"నేను కలపలే సార్!"

"కలపలేదా? అయితే మంచి తొక్కల నీళ్ళు కదా ఇవి. మందు కదా." జోగారావు గ్లాసు ముంచి ఆవిడ ముఖం ముందు పెట్టాడు. "తాగు. తాగి చూపించు. నీ చేత్తో ఏరినవేగా, భయమేంటి?"

లతీఫా గ్లాసు చూసింది, ఆయన్ని చూసింది. "రోజా ఉన్న పెద్దాయనా. మీకెరుకే కదా."

ఆయనకి ఎరుకే. ఆ నెలంతా ఆవిడ ఎదుట మూతలు తీసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?

"పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యేదాకా ఆగున్రి," అంది లతీఫా. "గ్లాసు కాదు, చెంబు నిండ తాగుతా. మీ అందరి ముంగట తాగుతా."

"చూశావురా రవీ? తాగనంటోంది. తనకి తెలుసు లోపలేముందో."

మొగిలయ్య గొంతు సవరించుకున్నాడు. "గట్ల కాదు పెద్దాయనా, ఉపాసముంటే ఎట్ల తాగుతది..."

"నువ్వు తెచ్చిన తొక్కల సంగతి కూడా తేల్చమంటావా?"

మొగిలయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. బండి వాయిదాలు అతనికీ ఉన్నాయి.

బయట కారు హారన్ వినబడింది. రవికాంత్‌కి తప్పు మోపడానికి ఎవరో ఒకరు కావాలి, అది కూడా వెంటనే. "లతీఫా, నువ్వు వెళ్ళిపో. రేపట్నుంచి రావద్దు." ఆవిడ చెప్పులు వెతుక్కుంటుంటే జోగారావు చెడ్డ తొక్కల బుట్టని కాలితో తన్నాడు. అవి గుమ్మం దాకా దొర్లాయి. వాటి మీద నుంచే ఆవిడ బయటికి నడిచింది. లోపలికి వస్తున్న రాగసుధ, ఆవిడకి దారి ఇవ్వడానికి పక్కకి తప్పుకుంది.

రాగసుధ ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి. బూట్లతో షెడ్డంతా తిరిగి, పెనం ముందు ఆగి, నల్లనీళ్ళు ఒక చుక్క తెల్ల రుమాలు మీద వేసింది.

"ఇనుములో కాచారా?"

జోగారావు ఛాతీ విరిచాడు. "నా పెనమమ్మా అది. కలెక్టరుగారు..."

"తాతగారూ, మీ ఇంట్లో తలకి గోరింటాకు ఏ మూకుట్లో నానబెట్టేవారు?"

"ఇనప మూకుట్లో. అయితే?"

"ఎందుకు?"

జోగారావు పెనం వైపు చూశాడు. ఎందుకేంటి, నలుపెక్కడానికి. ఆయన అమ్మ అలాగే చేసేది, ఆయన భార్య అలాగే చేసేది. ఎన్నోసార్లు చూసిన సంగతే. ఉడికేదాన్ని దేన్ని చూసినా బెల్లమనుకునే కంటికి ఆ మూకుడు గుర్తు రాలేదు.

"ఈ వగరు ఇనుముని ముట్టుకుంటే నల్లబడుతుంది," అంది రాగసుధ. "తొక్కలు మంచివే, వాసన చూశాను. ఏరినవాళ్ళు బాగా ఏరారు. కానీ ఇది మాత్రలకి పనికిరాదు."

రాగసుధ రుమాలు కుళాయి కింద పెట్టి రుద్దింది. సబ్బు తెప్పించుకుని మళ్ళీ రుద్దింది. నల్లచుక్క కదల్లేదు. ఆ అమ్మాయి రుమాలు వెలుతురుకి పట్టి చాలాసేపు చూసి, "ఒక సీసాలో పోసివ్వండి. మా తలరంగు విభాగం వాళ్ళకి చూపిస్తాను," అంది.

కారు వెళ్ళిపోయాక రవికాంత్ నెమ్మదిగా అన్నాడు. "బాబాయ్, లతీఫాని పిలిపిద్దామా? పాపం, ఆవిడ తప్పేం లేదుగా."

"పిలిచి ఏమంటావు? జోగారావు పొరబడ్డాడంటావా? ఇవాళ దానికి ఆ మాట చెబితే రేపు మొగిలయ్య నెత్తికెక్కుతాడు, ఎల్లుండి నువ్వే ఎక్కుతావు. ఊరుకో. దానికి పనులే దొరకవా?"

రవికాంత్ ఊరుకున్నాడు.

లతీఫా పని వెతుక్కుంటూ మధురానగర్‌లో అరుణాదేవి దగ్గరకి వెళ్ళింది. అరుణాదేవి హాస్టళ్ళకి పచ్చళ్ళు పెట్టి పంపే మనిషి, కోస్తా నుంచే వచ్చింది, జోగారావుకి దూరపు చుట్టం. కాయలు ఏరడానికి మనిషి కావాలి ఆవిడకి. అయితే మా వైపు వాళ్ళలో ఓ అలవాటుంది, కొత్త మనిషిని పెట్టుకునే ముందు మన పెద్దవాళ్ళలో ఒకరి మాట తీసుకుంటాం. ఆదివారం జోగారావు కాఫీకి వచ్చినప్పుడు అరుణాదేవి అడిగింది.

"బాబాయ్ గారూ, మీ షెడ్డులో చేసిందట, లతీఫా అని. చెయ్యి ఎలాంటిదండీ?"

అప్పటికి ఆయనకి అన్నీ తెలుసు. పెనం సంగతి తెలుసు, రాగసుధ చెప్పిన మాట తెలుసు. కాఫీ ఒక గుక్క తాగి, "కుళ్ళింది కలిపే చెయ్యమ్మా. ఆవకాయ దరిదాపులకి రానివ్వకు," అన్నాడు.

ఆ మాట మధురానగర్ దాటి అమీర్‌పేట జ్యూస్ సెంటర్ల దాకా పాకింది. పళ్ళు ఏరే పనిలో లతీఫాని ఎవరూ పెట్టుకోలేదు.

ఇక్కడ మాత్రం నలుపు పండింది. కంపెనీ తలరంగు విభాగం ఎగిరి గంతేసింది. రసాయనాలు లేని నల్లరంగు, జుట్టుకి పడితే వదలదు. రాత్రీ పగలూ కంప్యూటర్ల ముందు కూర్చుని పాతికేళ్ళకే తల నెరిసిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి అది వరంలా దొరికింది. తేనెరంగు పొడి సంగతి రవికాంత్ మర్చేపోయాడు. ఒక పెనం పక్కన ఇంకో పెనం చేరింది, పక్క షెడ్డు కూడా కలిసింది. నలుపుకి ఒక పేరు పెట్టారు, సీసాలకి చీటీలు అంటించారు. జోగారావు గొప్పల్లో కొత్తది మొదట్లోకి వచ్చి కూర్చుంది.

"అందరూ స్టీలు స్టీలంటే, నేను ఇనుమన్నాను. రాసిచ్చినవాడి మాట కాదని పెనం దించాను. అదిగో, ఆ నలుపు."

చూడండి, ఇదీ నిజమే.

మరుసటి ఏడు కంపెనీవాళ్ళు పంజాగుట్ట ఆఫీసు మేడ మీద చిన్న సభ పెట్టారు. జోగారావుకి సన్మానం. మేనేజర్లు, ఏజెంట్లు, సీసాలు అమ్మే దుకాణాలవాళ్ళు వచ్చారు. రవికాంత్ వచ్చాడు. అరుణాదేవి పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, చుట్టం కదా. మొగిలయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. జోగారావు తలకీ మీసానికీ తన నలుపే వేసుకుని, శాలువా కప్పించుకుని, మైకు ముందుకి వచ్చాడు. ఐదో తరగతి, ఇరవయ్యో ఎక్కం, కలెక్టరు, బావి, ఎద్దులు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. పెనం సంగతికి వచ్చి, "ఆ నలుపు..." అంటుండగా గుమ్మం దగ్గర కదలిక. మొగిలయ్య పక్కకి జరిగి దారిచ్చాడు. లతీఫా లోపలికి వచ్చి వరసల మధ్య నిలబడింది.

"పెద్దాయనా, ఒక్క మాట అడుగుతా. జవాబు చెప్పున్రి, పోతా."

ఎవరో లేచారు ఆవిడ్ని పంపడానికి. రాగసుధ వద్దని చెయ్యి చూపింది.

"ఆ దినం పెనంల నలుపు వచ్చింది కదా. అది నేను తెచ్చిననా? మీరు తెచ్చిన్రా?"

జోగారావు మైకు నుంచి ముఖం పక్కకి తిప్పాడు. "ఇది సమయం కాదు, వెళ్ళు."

"నేను తెచ్చిన అని నన్ను ఎల్లగొట్టిన్రు. కుళ్ళినయి కలిపిన అన్నరు, పచ్చళ్ళమ్మకి సుత చెప్పిన్రు. సరే, నేనే తెచ్చిన అనుకోన్రి. అయితే ఆ శాలువ నాది, ఇటియ్యున్రి. కాదు, మీరే తెచ్చిన్రా? అయితే నా మీద వేసిన మాట వాపస్ తీస్కోన్రి. నలుపు మీకు, బద్నాం నాకు, గిట్లెట్ల పెద్దాయనా?"

వెనక ఒకడు నవ్వాడు. పక్కవాళ్ళు నవ్వకపోయేసరికి ఆపేశాడు.

జోగారావు శాలువా అంచు పట్టుకుని ఉన్నాడు. కలిపింది నువ్వే అని మళ్ళీ అనొచ్చు, సభ ఆయనది. కానీ ముందు వరసలో రాగసుధ ఉంది, తొక్కలు మంచివే అన్న మనిషి. ఆపైన, నలుపు లతీఫాది అన్న మాట ఎంత చిన్నగా వచ్చినా ఈ సభ ఉండదు, ఈ శాలువా ఉండదు, రేపు చెప్పుకోవడానికి మొదటి మాటే ఉండదు. ఆయనకి న్యాయం గుర్తొచ్చి కాదు. తనదాన్ని ఇంకొకరికి ఇవ్వడం ఆయన చేతకాదు.

"నలుపు నాదే," అన్నాడు, మైకులోనే. "ఇనుము వల్ల వచ్చింది. తొక్కల వల్ల కాదు."

"కుళ్ళినయి?"

"...కలవలేదు."

లతీఫా ముందు వరస వైపు తిరిగింది. "విన్నరా అరుణమ్మా?" అరుణాదేవి తల వంచుకుని కొంగు సర్దుకుంది. లతీఫా రవికాంత్ వైపు తిరిగింది. "సార్, రేపటి సంది పనికి రావాల్నా?"

రవికాంత్ ముఖం ఎర్రబడింది. "అంటే... లతీఫా, చూద్దాం..."

"చూసేదేముంది?" అన్నాడు జోగారావు. ఓడిపోయిన చోట మళ్ళీ కాలు ఊనుకోవడం ఆయనకి బాగా తెలుసు. గొంతు మెత్తగా, పెద్దమనిషి తరహాలో మారింది. "వచ్చి ఏం చేస్తావమ్మా? మాత్రల కాలం పోయింది. నలుపుకి మంచి తొక్క, కుళ్ళు తొక్క అన్న తేడా లేదు. మొగిలయ్య బండితో తెచ్చి పెనం పక్కన కుమ్మరిస్తాడు, పారతో ఎత్తి వేస్తాం. ఏరే పనే లేదు మా దగ్గర. నీ చెయ్యి మంచిదే, ఇప్పుడు ఒప్పుకున్నాను కదా. కానీ ఆ చేతికి పనేదీ?"

లతీఫా మొగిలయ్య వైపు చూసింది, నిజమేనా అన్నట్టు. మొగిలయ్య నేల చూపులు చూశాడు. లతీఫా ఏడాదిగా మోసుకు తిరిగిన పరువంతా ఒక్క మాట చుట్టూ కట్టుకున్నదే. చెడ్డది మంచిదాంట్లో కలపలేదు అని. ఇక్కడేమో ఏడాదిగా రెండూ కలిపే ఉడుకుతున్నాయి, దానికి శాలువాలు కప్పుతున్నారు.

భోజనాల దగ్గర ఆవిడ అరుణాదేవి పక్కన నిలబడింది. అరుణాదేవి ప్లేటులో పూర్ణం బూరె విరుస్తూ, జాలిగానే చెప్పింది.

"నీ తప్పు లేదని తెలిసింది, లతీఫా. నాకు సంతోషమే. కానీ చూడు, నిండు సభలో అంత పెద్దాయన్ని నిలదీశావు. నిన్ను పెట్టుకుంటే రేపు ఉప్పు తక్కువైందని నన్నూ నిలదీస్తావు. నాకు అంత ఓపిక లేదమ్మా."

"మీరు ఒక్కసారి సుత నన్ను పిలిచి అడగలే అరుణమ్మా," అంది లతీఫా. "అడిగింటే ఇంత దూరం రాకపోతుంటి." కొంగు తల మీదికి లాక్కుని మెట్లు దిగింది. ఆవిడ దిగుతున్నప్పుడు పైన ఫోటో తీయడానికి జోగారావుని మధ్యలో నిలబెట్టారు. రవికాంత్ ఆయన చెవిలో, "నవ్వండి బాబాయ్," అన్నాడు. నవ్వాడు. ఫోటో బాగా వచ్చింది.

ఆ తర్వాత కూడా జోగారావు పొద్దున్నే జ్యూస్ సెంటర్ల దగ్గరకి వెళ్ళేవాడు. చెత్తడబ్బాలో చెయ్యి పెట్టి చూడటం మానేశాడు, చూడాల్సిన పని లేదు కదా. దుకాణంవాడు మిక్సీ తిప్పుతుంటే చెప్పేవాడు. కలెక్టరు, బావి, ఎద్దులు, పెనం. చివర్న కొత్తది ఒకటి చేరింది.

"పంజాగుట్టలో నిండు సభ. శాలువా మెడలో ఉంది. ఒకావిడ లేచి, ఇందులో తప్పెవరిది అని అడిగింది. అంతమంది ముందు మైకులో నాదే అన్నాను. ఒప్పుకునే గుండె ఎంతమందికి ఉంటుంది చెప్పు?"

దుకాణంవాడు తల ఊపాడు. బస్తా ఎత్తుకుంటున్న మొగిలయ్య ఆగాడు.

"పెద్దాయనా, గామె ఇప్పుడేడ ఉన్నదో ఎరుకనా?"

"ఎవరు?" అన్నాడు జోగారావు.